ఆ వీధికి కుళాయి ఎందుకు రాదు?

నగరాల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే పది నిమిషాల్లో మాట ఒకచోటికే వచ్చి తేలుతుంది: జనం ఎక్కువైపోయారు, పల్లెల నుంచి వచ్చేవాళ్లని ఎక్కడికక్కడ ఆపాలి, లేకపోతే ఈ సిటీలు బాగుపడవు. వినడానికి బాగానే ఉంటుంది. ఆపడానికి ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో శ్వేతజాతి ప్రభుత్వం నల్లజాతి వాళ్లు నగరంలో అడుగు పెట్టాలంటే పాస్ చూపించాలని పోలీసుల్ని పెట్టి మరీ దశాబ్దాల పాటు తనిఖీలు చేసింది, 1986లో ఆ చట్టాలు ఎత్తేసేనాటికి పెద్ద నగరాల చుట్టూ బస్తీలు నిండిపోయే ఉన్నాయి. చైనా 1958 నుంచి హుకౌ అనే నివాస నమోదు పద్ధతి నడుపుతోంది. ఫ్యాక్టరీ పనులకి కోట్లమంది రానే వచ్చారు, వాళ్ల పిల్లలకి మాత్రం సిటీ బడిలో సీటు దొరకడం కష్టమైంది. అంటే మనుషులు ఆగలేదు, వాళ్ల హక్కులు ఆగాయి.

పైగా ఈ పెరుగుదలంతా వలసే అనుకోవడం కూడా పొరపాటే. ఇప్పటికే సిటీలో ఉన్నవాళ్లకి పుట్టే పిల్లలున్నారు, సిటీ పాకుతూ పోయి తనలో కలిపేసుకున్న ఊళ్లున్నాయి. 1950లో ప్రపంచ జనాభాలో 30 శాతం పట్టణాల్లో ఉండేది, 2018 నాటికి 55 శాతమైంది, 2050కి 68 శాతమవుతుందని ఐక్యరాజ్యసమితి అప్పట్లో అంచనా వేసింది. అంటే ఇంకో 250 కోట్ల మంది, అందులో దాదాపు 90 శాతం ఆసియా, ఆఫ్రికాల్లోనే. ఒక్క భారత్, చైనా, నైజీరియాలు కలిపే ఇందులో మూడో వంతుకు పైగా ఉంటాయి. వీళ్లు రావాలా వద్దా అని ఓటింగు పెట్టేవాళ్లెవరూ లేరు. వస్తారు. వచ్చాక ఏమవుతుందనేదే అసలు విషయం.

పరిపాలన, సమ్మిళిత అభివృద్ధి అనే పెద్ద మాటలు పక్కన పెట్టి ఒక చిన్న ప్రశ్న పట్టుకుందాం. ఇరవై ఏళ్లుగా జనం ఉంటున్న ఒక బస్తీ వీధికి ప్రభుత్వ నీళ్ల పైపు ఎందుకు రాదు? ఊళ్లో నీళ్లు లేక కాదు, ఎందుకంటే అదే వీధికి ట్యాంకర్ వస్తుంది, బిందెల లెక్కన అమ్మేవాళ్లు వస్తారు, లీటరుకు లెక్కేస్తే పైపున్న ఇంటివాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కట్టేది ఈ వీధివాళ్లే. నైరోబీ అయినా కరాచీ అయినా ఈ కథ మారదు. కాబట్టి వాళ్ల దగ్గర డబ్బు లేదు, అందుకే రాలేదు అనే జవాబు చెల్లదు. జవాబులు వేరే ఉన్నాయి, ఒకటి విప్పితే ఇంకోటి బయటపడుతుంది.

మొదటి చిక్కు, ఆ వీధిలో ఎంతమంది ఉన్నారో నగరానికి తెలియదు. నైరోబీలోని కిబేరా బస్తీలో పది లక్షల మంది ఉంటారని ఏళ్ల తరబడి పత్రికలు రాశాయి, సంస్థలు చెప్పాయి. 2009లో కెన్యా జనగణన 1,70,070 అని తేల్చింది. ఏది నిజమని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. లాగోస్‌లో ఇంకా చిత్రం, 2006లో నైజీరియా కేంద్ర ప్రభుత్వం లాగోస్ రాష్ట్ర జనాభా సుమారు 91 లక్షలంటే, రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా లెక్కపెట్టి 1 కోటీ 75 లక్షలంది. ఇది అంకెల గొడవలా కనిపిస్తుంది గానీ తల ఒక్కింటికి వచ్చే నిధులు, చట్టసభలో సీట్లు దీన్ని బట్టే ఉంటాయి, కాబట్టి తక్కువ చూపించడంలో ఒకరికి లాభం, ఎక్కువ చూపించడంలో ఇంకొకరికి లాభం. భారత్‌లో ఇంకో రకం. జనాభా 5,000 దాటి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ ఊరిని జనగణన పట్టణంగా లెక్కేస్తుంది. ఇలాంటి ‘సెన్సస్ టౌన్లు’ 2001లో 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. బతుకంతా పట్నం బతుకు, పాలించేది మాత్రం పంచాయతీ. డ్రైనేజీ వెయ్యడానికి దానికి ఇంజినీరు ఉండడు, మున్సిపాలిటీ చేస్తామంటే పన్నులు పెరుగుతాయని, ఉపాధి హామీ లాంటి గ్రామీణ పథకాలు పోతాయని ఊరివాళ్లే వద్దంటారు. వాళ్ల భయంలో తప్పేమీ లేదు కూడా. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఈలోపు ఇంకెన్ని ఊళ్లు అలా మారాయో కాగితం మీద లేదు.

సరే, లెక్క తేలిందనుకుందాం. కనెక్షన్ కోసం దరఖాస్తు పెడితే పట్టా అడుగుతారు. ఇది రెండో చిక్కు, అన్నిటికంటే మొండిది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. అక్రమంగా కట్టుకున్నారు కాబట్టి సౌకర్యాలు లేవు అంటారు. సక్రమంగా కట్టుకునే దారి ఎంతమందికి ఉందో చూడరు. ప్లాటు ఇంత గజాల కంటే తక్కువ ఉండకూడదు, ముందు ఇంత ఖాళీ వదలాలి, ఇంత వెడల్పు రోడ్డుండాలి అని రూల్సు రాస్తే, ఆ రూల్సు ప్రకారం వచ్చే అతి చిన్న ఇంటి ధర కూడా సగం జనాభాకి అందదు. ముంబైలో స్థలం విస్తీర్ణానికి 1.33 రెట్లకు మించి అంతస్తుల విస్తీర్ణం ఉండకూడదని నగరంలోని పెద్ద భాగానికి దశాబ్దాల పాటు పరిమితి పెట్టారు, భూమి లేని దీవి నగరానికి పైకి పెరిగే దారి కూడా ఇరుకు చేశారన్నమాట. 2011 నాటికి అక్కడ 40 శాతానికి పైగా జనం మురికివాడల్లో ఉన్నారు. దీనికి ఆ ఒక్క రూలే కారణమని అనను, అద్దె చట్టాలున్నాయి, మూతపడ్డ మిల్లుల భూముల తగాదాలున్నాయి. కానీ చట్టం తన చేత్తో తయారుచేసిన అక్రమం ఎంతుందో ఆ అంకెలో కనిపిస్తుంది.

పరిష్కారం పేరుతో లోకం రెండు దార్లు బాగా తొక్కింది. ఒకటి, అందరికీ పట్టాలిచ్చెయ్యడం. పెరూ 1996 నుంచి కొద్ది ఏళ్లలోనే పది లక్షలకు పైగా పట్టాలు పంచింది; పట్టా చేతికొస్తే బ్యాంకు అప్పిస్తుంది, ఆ అప్పుతో పేదవాడు వ్యాపారం పెట్టి పైకొస్తాడన్నది ఆలోచన. ప్రైవేటు బ్యాంకులు పెద్దగా కదల్లేదు. అయితే ఇంకో మేలు జరిగింది: ఎవరైనా వచ్చి ఆక్రమిస్తారేమోనని ఇంటి దగ్గర కాపలా ఉండే మనిషి నిశ్చింతగా పనికి వెళ్లగలిగాడు, ఇంటి బయట పనిచేసే గంటలు పెరిగాయని అధ్యయనాల్లో తేలింది. రెండో దారి, ప్రభుత్వమే ఇళ్లు కట్టివ్వడం. దక్షిణాఫ్రికా 1994 తర్వాత 30 లక్షలకు పైగా ఇళ్లు కట్టింది, మెక్సికో సబ్సిడీ అప్పులతో లక్షలకి లక్షలు కట్టించింది. ఎక్కడ? భూమి చవగ్గా దొరికే చోట, అంటే పని దొరకని చోట. మెక్సికో 2010 జనగణనలో 50 లక్షల దాకా ఖాళీ ఇళ్లు తేలాయి. అన్నీ పేదల కోసం కట్టినవే కాకపోయినా, శివార్లలో వదిలేసి వెళ్లిపోయిన కాలనీలు వాటిలో లెక్కలేనన్ని. ఇల్లు దొరికిందని సంబరపడి వెళ్లిన మనిషి రోజుకి నాలుగు గంటలు బస్సులో గడపలేక, ఆ ఇంటికి తాళం వేసి మళ్లీ పాత బస్తీలో అద్దెకి దిగుతాడు. దీన్ని చూసి ‘వీళ్లకి ఎంత చేసినా ఇంతే’ అనే పెద్దమనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

మూడో దారి అంత హడావిడి లేనిది. ఉన్నచోటే బాగుచేయడం. బ్రెజిల్‌లోని రెసిఫే నగరం 1983లోనే కొన్ని బస్తీల్ని ప్రత్యేక ప్రాంతాలుగా గుర్తించి, అక్కడ చిన్న ప్లాట్లూ ఇరుకు సందులూ చట్టబద్ధమే అని ఒప్పుకుంది. 2001లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. థాయిలాండ్ 2003లో బాన్ మంకాంగ్ పథకం మొదలుపెట్టి, డబ్బుని కాంట్రాక్టర్లకి కాకుండా నేరుగా బస్తీ సంఘాలకిచ్చింది, భూమి యజమానితో బేరమాడుకోవడం, లేఅవుట్ గీసుకోవడం వాళ్లే చూసుకున్నారు. ఢాకాలో అయితే 1990లలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇంకా తెలివైన పని చేసింది. భూమి మీద హక్కు లేనివాళ్లకి నీళ్లెలా ఇస్తాం, బిల్లు కట్టకపోతే ఎవర్ని పట్టుకోవాలి అని జలమండలి అడిగితే, ఆ డిపాజిట్టు మేం కడతాం, పూచీ మాది అని ముందుకొచ్చింది. బస్తీ ఆడవాళ్ల కమిటీలు ఇంటింటా వసూలు చేసి బిల్లు కట్టాయి. ఎగ్గొడతారన్న భయం తీరిపోయాక, తర్వాతి ఏళ్లలో బస్తీ సంఘాల పేరునే కనెక్షన్లు ఇవ్వడానికి జలమండలి ఒప్పుకుంది. పట్టా గొడవ అలాగే ఉంది, నీళ్లు మాత్రం వచ్చాయి. రెండిటికీ ముడి పెట్టనక్కర్లేదని ఒప్పుకోవడానికి ఒక ఆఫీసుకి ఇన్నేళ్లు పట్టిందంటే ఆ ముడి ఎంత గట్టిదో!

మూడో చిక్కు, అడగాల్సింది ఎవర్ని? రోడ్డు ఒక శాఖది, దాని కింద పైపు ఇంకో బోర్డుది, వాననీటి కాలువ మున్సిపాలిటీది, లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేది అభివృద్ధి సంస్థ, బస్సు రాష్ట్రానిది, రైలు కేంద్రానిది. పోయిన నెల తారు వేసిన రోడ్డుని ఈ నెల కేబుల్ వాళ్లు తవ్వుతారు, పూడ్చకుండా పోతారు, వాన పడితే అందులో పడ్డవాడి కాలు విరుగుతుంది, తిలాపాపం తలా పిడికెడు. భారత రాజ్యాంగానికి 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, నగరపాలక సంస్థలకి అప్పగించదగ్గ 18 విధుల జాబితా కూడా చేర్చింది, కానీ అవి అప్పగించి తీరాలని కట్టడి చేయలేదు, రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఫలితంగా మేయరుకి ఎర్రబుగ్గ కారు ఉండేది గానీ ఫైలు మీద సంతకం కమిషనర్‌దే. ఆ కమిషనర్ని బదిలీ చేసేది రాష్ట్రం. మెట్రో మనీలా అనబడేది నిజానికి 17 స్థానిక ప్రభుత్వాల కూర్పు, వాటి మధ్య నది మాత్రం ఒక్కటే, వరదకి సరిహద్దులు తెలియవు కదా.

అధికారమంతా ఒకచోట పెడితే పోదా అంటారు. ఉగాండా 2011లో కంపాలాకి అలాగే కొత్త అథారిటీ పెట్టి, అధ్యక్షుడు నియమించిన అధికారికి పగ్గాలిచ్చింది. పన్నుల వసూళ్లు బాగా పెరిగాయి, రోడ్లు బాగుపడ్డాయి. ఎన్నికైన మేయరు ఉత్సవ విగ్రహమయ్యాడు, వీధి వ్యాపారుల్ని లాఠీలతో ఖాళీ చేయించారు, ఆ కోపం 2016 ఎన్నికల్లో అధ్యక్షుడికి నగరంలో గట్టిగానే తగిలింది. సమర్థత, జవాబుదారీతనం రెండూ ఒకే ఒరలో ఇమడడం అంత తేలిక కాదు, ఇక్కడ నా దగ్గర కూడా సూత్రం లేదు.

డబ్బు దగ్గరికొస్తే కథ ఇంకా తమాషాగా ఉంటుంది. భారత్‌లో మున్సిపల్ కార్పొరేషన్లన్నిటి ఆదాయం కలిపినా జీడీపీలో 0.6 శాతమేనని రిజర్వ్ బ్యాంకు 2024లో లెక్క చెప్పింది. మిగతా చోట్లా ఆస్తి పన్ను సరిగ్గా వసూలయ్యే దేశాలు తక్కువ, ఎందుకంటే పెద్ద ఆస్తులున్నవాళ్లే కౌన్సిల్లో కూర్చుంటారు, రిజిస్టర్లు పాతికేళ్ల కిందటివి. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ 2020 ప్రాంతంలో ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని ఇళ్లు లెక్కపెడితే, రిజిస్టర్లో ఉన్న ఆస్తులు రెట్టింపు దాటాయి. ఇంటి విలువ కట్టడానికి నిపుణుల కోసం చూడలేదు. కప్పు దేంతో వేశారు, గోడ దేంతో కట్టారు, రోడ్డు పక్కనే ఉందా అని బయటి నుంచి కంటికి కనిపించేవాటికి మార్కులేశారు. చిన్న ఇంటివాళ్లకి తగ్గింది, పెద్ద బంగళాల వాళ్లకి పెరిగింది. తర్వాత ఏమైందో ఊహించగలరు, కేంద్ర మంత్రిత్వ శాఖ అడ్డుపడి కొంతకాలం వసూళ్లు ఆపించింది.

అయితే నీళ్ల విషయంలో అసలు మెలిక పన్నులో లేదు, ధరలో ఉంది. పేదల కోసమని నీటి ఛార్జీ బాగా తక్కువ పెడతారు. తక్కువ ధరకి నీళ్లెవరికొస్తాయి? ఇప్పటికే పైపున్నవాళ్లకి. పైపు లేని బస్తీకి ఆ సబ్సిడీలో చుక్క కూడా రాదు. పైగా ప్రతి లీటరు మీదా నష్టమే వస్తుంటే కొత్త కనెక్షన్ ఇచ్చినప్పుడల్లా జలమండలికి నష్టం పెరుగుతుంది తప్ప తగ్గదు, మరి ఏ ఇంజినీరుకి పైపు పొడిగించాలనిపిస్తుంది? పేదల పేరు చెప్పి పెట్టిన ధర పేదవాడినే ట్యాంకర్ పాలు చేస్తుంది. ఈ మాట అంటే ‘ప్రైవేటుపరం చెయ్యమంటావా’ అని మీదకొస్తారు. కాదు, ప్రభుత్వ సంస్థే ఈ పని చేసి చూపించిన ఊరొకటుంది.

కంబోడియా రాజధాని నోమ్‌పెన్‌లో 1993లో, యుద్ధం నుంచి దేశం అప్పుడప్పుడే తేరుకుంటున్నప్పుడు, పంపు చేసిన నీళ్లలో 72 శాతం లెక్కలోకి రాకుండా పోయేది. కొంత లీకులు, కొంత దొంగతనం, అందులో సిబ్బంది స్వయంగా అమ్ముకున్నవి కూడా. ఏక్ సొన్ చాన్ అనే ఆయన డైరెక్టరుగా వచ్చి చేసినవన్నీ చెప్పుకుంటే విడ్డూరమైనవేం కాదు: ప్రతి కనెక్షన్‌కీ మీటరు, బిల్లు కట్టకపోతే కోత, దొంగ కనెక్షన్ పట్టిస్తే బహుమతి, దొంగతనంలో చెయ్యున్న సిబ్బందికి ఉద్వాసన. ఒక సైనికాధికారి ఇంటికి మీటరు పెట్టబోతే సొన్ చాన్ తలకి తుపాకీ గురిపెట్టారు. ఆయన ఆయుధాలున్న పోలీసుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి కనెక్షన్ తెగ్గొట్టించారు. ఈ ఒక్క సంగతి ఊరంతా పాకాక మిగతా బిల్లులు వాటంతటవే వసూలయ్యాయంటారు. ఛార్జీలు దశలవారీగా పెంచారు. పేదలకి తగ్గింపు ఇచ్చింది నీటి ధరలో కంటే ఎక్కువగా కనెక్షన్ ఫీజులో, వాళ్ల ఆదాయాన్ని బట్టి కొందరికి కొంత, కొందరికి మొత్తం మాఫీ, మిగిలింది వాయిదాల్లో. ఎందుకంటే పేద ఇంటిని ఆపేది నెలవారీ బిల్లు కాదు, మొదట్లో ఒక్కసారే కట్టాల్సిన పెద్ద మొత్తం. కొన్నేళ్లకి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, 24 గంటలూ నీళ్లొచ్చాయి, బిందెల లెక్కన కొనుక్కునే కుటుంబాలు ఛార్జీ పెరిగాక కూడా అంతకు ముందు కంటే తక్కువే కట్టాయి. 2006లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఇదంతా ప్రజాస్వామ్యం అంతంత మాత్రంగా ఉన్న దేశంలో, ప్రధానమంత్రి అండతో జరిగిందన్నది కూడా చెప్పుకోవాలి, లేకపోతే మంచి మనిషి వస్తే చాలన్న భ్రమ మిగులుతుంది.

జనం గొంతు వినిపించే ఏర్పాట్లు కూడా చాలానే జరిగాయి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే 1989లో బడ్జెట్‌ని వార్డు సభల్లో జనం చేతే తేల్చుకోమంది. 1988లో 75 శాతం ఇళ్లకున్న నీటి, మురుగు కనెక్షన్లు 1997కి 98 శాతానికి చేరాయి. లోకమంతా కాపీ కొట్టింది. పాలకులు మారుతూ వచ్చాక ఆ ఊళ్లోనే అది నీరసించి 2017లో ఆగిపోయింది. కరాచీలోని ఒరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ఇంకో రకంగా మొదలుపెట్టారు. ప్రభుత్వం వస్తుందని కూర్చోకుండా ఒక్కో సందులో ఇరవై ముప్పై ఇళ్లవాళ్లు చందాలేసుకుని మరుగుదొడ్డి, సందు కాలువ తామే కట్టుకున్నారు. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గింది. ఊరి పెద్ద కాలువ, శుద్ధి కేంద్రం మాత్రం ప్రభుత్వమే కట్టాలన్నారు. ఈ పని విభజన నాకు చాలా నచ్చుతుంది, ‘ప్రజల భాగస్వామ్యం’ పేరుతో సర్కారు చేతులు దులుపుకోవడానికి ఇందులో చోటు లేదు. ఖాన్ పెట్టిన సంస్థని తర్వాత నడిపిన పర్వీన్ రెహమాన్ కరాచీ బస్తీల భూముల మ్యాపులు గీయించారు, నీళ్ల పైపుల నుంచి దొంగతనంగా ట్యాంకర్లు నింపే హైడ్రెంట్లు (పెద్ద కుళాయిలు) ఎక్కడెక్కడున్నాయో లెక్కలు తీయించారు. 2013 మార్చిలో ఆమెని కాల్చి చంపారు. కుళాయి రాకపోవడం వల్ల బాగుపడుతున్నవాళ్లు ఎవరో, ఎంత బలమైనవాళ్లో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇంతదాకా చెప్పుకున్నది ఇప్పటికే ఏర్పడ్డ బస్తీల సంగతి. రాబోయే ఆ 250 కోట్లలో ఎక్కువమంది దిగేది ఇప్పుడు పొలాలుగా ఉన్న శివార్లలో, చాలావరకు మనం పేరు కూడా వినని మధ్యస్థాయి ఊళ్లలో. ఇళ్లు లేచాక రోడ్డు వెయ్యాలంటే కూల్చాలి, పరిహారమివ్వాలి, కోర్టుకెళ్లాలి. ఇళ్లు లేవకముందైతే గీత గీసి రాళ్లు పాతితే చాలు. ఇథియోపియాలో హవాసా, మెకెలె లాంటి నగరాలు ఈ పనే చేశాయి: ముప్పై ఏళ్ల పెరుగుదల అంచనా వేసుకుని, పెద్ద రోడ్లు ఎక్కడ రావాలో నేల మీద గుర్తులు పెట్టి ఆ దారి వరకు కాపాడాయి. తారూ పైపులూ డబ్బొచ్చినప్పుడు. అయితే అక్కడ భూమి ప్రభుత్వానిది కాబట్టి కొంత సులువు. భూమి రైతుల పేరున ఉన్నచోట గుజరాత్ పట్టణ ప్రణాళికా పథకాల పద్ధతి ఉంది. రైతుల పొలాలన్నీ కాగితం మీద కలిపి, రోడ్లకీ పార్కులకీ కొంత తీసి, మిగిలింది చక్కటి ప్లాట్లుగా తిరిగి వాళ్లకే ఇస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, విలువ పెరుగుతుంది, కాబట్టి ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇందులో ఒక కంత ఉంది. ప్లాటు వచ్చేది పేరు మీద భూమి ఉన్నవాడికే. కౌలు రైతుకి రాదు, ఆ పొలంలో కూలికెళ్లిన ఆమెకి రాదు. పదేళ్ల తర్వాత వచ్చి దిగేవాళ్లకి ఈరోజు ఓటు కూడా లేదు, వాళ్ల తరఫున మాట్లాడే కార్పొరేటర్ ఉండడు. గుజరాత్ 1976 చట్టమే పథకం విస్తీర్ణంలో సుమారు 10 శాతం వరకు బలహీనవర్గాల ఇళ్లకి కేటాయించమంటుంది. ఆ పది శాతం మ్యాపులో ఏ మూల పడుతుంది, బస్సు రూటు పక్కనా, చెత్త డంపు పక్కనా, ధరలు పెరగకముందే అక్కడ ఇళ్లు లేస్తాయా లేక ఖాళీగా వదిలేసి తర్వాత కేటాయింపు మార్చేస్తారా అన్నది మొదటి డ్రాఫ్టు అభ్యంతరాల కోసం బయటపెట్టినప్పుడే చూసుకోవాలి. మామూలుగా ఆ గడువులో అభ్యంతరాలు రాసేది భూములున్నవాళ్లే.